ఆఫ్రికన్ అమెరికన్ కళాకారులు, ఆర్కిటెక్టుల మ్యూజియం ఎగ్జిబిషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు, పిల్లల దగ్గరికి ఆర్నెల్లకి వచ్చిన అమ్మానాన్నలు, మాసాబ్‌ట్యాంక్‌లోనో విజయవాడలోనో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు పదేపదే అడిగే ప్రశ్నలివి. టికెట్లు, టైమింగుల గురించి మాత్రమే కావాలంటే నేరుగా చివరికి వెళ్లిపోండి. కానీ మొదటి రెండు జవాబులు చదివి వెళ్తే గోడ మీద ఉన్నది ఇంకాస్త బాగా కనిపిస్తుంది.

వీళ్లకి విడిగా ఎగ్జిబిషన్లు ఎందుకు? మంచి బొమ్మైతే అందరి బొమ్మల పక్కనే పెట్టొచ్చు కదా?

పెట్టి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. పెద్ద మ్యూజియంలు దశాబ్దాల తరబడి వీళ్లని గుమ్మం బయటే ఉంచాయి, లేదంటే ఎప్పుడో ఒకసారి పిలిచి తర్వాత మర్చిపోయాయి. 1937లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, అంటే అందరూ మోమా అనే మ్యూజియం, విలియం ఎడ్మండ్‌సన్ శిల్పాలతో ఒక షో పెట్టింది. ఆయన నాష్‌విల్‌లో సున్నపురాయి మీద సమాధి రాళ్లు చెక్కుకుంటూ మొదలైన మనిషి. మోమాలో సోలో షో దక్కిన మొదటి నల్లజాతి కళాకారుడు ఆయనే. అంతకుముందు, 1928 నుంచి, హార్మన్ ఫౌండేషన్ అనే సంస్థ కేవలం నల్లజాతి కళాకారులతో ప్రదర్శనలు పెట్టేది. వాటివల్ల చాలామందికి మొదటిసారి గోడ దొరికింది, అది కాదనలేం. కానీ రొమేర్ బేర్డెన్ అనే కుర్ర చిత్రకారుడు 1934లోనే వాటిని ఉతికి ఆరేశాడు. బొమ్మ బాగుందో లేదో గట్టిగా చెప్పకుండా జాలిపడి భుజం తడితే కళ ఎదగదన్నది ఆయన వాదన. అంటే మీరు అడుగుతున్న ప్రశ్న వాళ్లలో వాళ్లే తొంభై ఏళ్లుగా వేసుకుంటున్నారన్నమాట.

అసలు గొడవ 1969 జనవరిలో జరిగింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, అదే నగరంలో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెం పేట గురించి ఒక భారీ ఎగ్జిబిషన్ పెట్టింది. ఫొటోలు, స్లైడ్లు, స్పీకర్లలో శబ్దాలు, అన్నీ ఉన్నాయి. హార్లెంలో ఉంటూ, బొమ్మలు వేస్తూ, ఆ మ్యూజియంకి సబ్‌వేలో కాసేపట్లో వచ్చేయగలిగిన చిత్రకారుల పెయింటింగు మాత్రం ఒక్కటి కూడా లేదు. మన ఊరి మీద ఎగ్జిబిషన్ పెట్టి మనల్ని పిలవకపోతే ఎలా ఉంటుంది? బేర్డెన్, బెన్నీ ఆండ్రూస్ లాంటివాళ్లు బ్లాక్ ఎమర్జెన్సీ కల్చరల్ కోయలిషన్ అని ఒక సంఘం పెట్టుకుని ప్లకార్డులతో మ్యూజియం ముందు నిలబడ్డారు. ఇంత గొడవలోనూ ఒక మేలు జరిగింది. హార్లెంలో స్టూడియో నడుపుకుంటూ పెళ్లిళ్లు, కుటుంబాలు, ఊరేగింపులు ఫొటోలు తీసిన జేమ్స్ వాన్ డెర్ జీ అనే పెద్దాయన ఆ షోతోనే 80 ఏళ్లు దాటాక లోకానికి తెలిశాడు. అదే ఏడాది ఆయన్ని ఇంట్లోంచి ఖాళీ చేయించారు కూడా. పేరు రావడం, అద్దె కట్టగలగడం రెండూ వేర్వేరు విషయాలు.

1971లో న్యూయార్క్‌లోనే ఉన్న విట్నీ మ్యూజియం పొరపాటు సరిదిద్దుకుందామని నల్లజాతి కళాకారులతో ఒక షో పెడితే, ఎంపికలో నల్లజాతి క్యూరేటర్ ప్రమేయం లేదని 75 మందిలో 15 మంది తప్పుకున్నారు. ఈ దారిలో అసలైన మలుపు 1976లో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో వచ్చింది. డేవిడ్ డ్రిస్కెల్ అనే చిత్రకారుడు, ప్రొఫెసర్, 1750 నుంచి 1950 దాకా రెండు శతాబ్దాల పనిని, 63 మంది కళాకారులవి 200 పైచిలుకు పనుల్ని ఒకచోట చేర్చాడు. ఆ ఎగ్జిబిషన్ అట్లాంటా, డల్లాస్, బ్రూక్లిన్ కూడా తిరిగింది. దాని తర్వాత 'మాకు దొరకలేదు, మాకు తెలీదు' అనే సాకు మ్యూజియంలకి చెల్లలేదు.

నా మటుకు నాకు విడి ఎగ్జిబిషన్ మీద అభ్యంతరం లేదు, అది అయిపోయాక ఆ బొమ్మలు ఎక్కడికెళ్తాయన్న దాని మీదే అనుమానం. షో ముగిశాక ఒక్క పని కూడా కొనకుండా అన్నీ తిరిగి పంపేసే మ్యూజియం పండగ చేసింది కానీ బంధుత్వం కలుపుకోలేదు.

బిల్డింగుల్ని హాల్లోకి తీసుకురాలేరు కదా, ఆర్కిటెక్టుల ఎగ్జిబిషన్‌లో ఏం చూపిస్తారు?

డ్రాయింగులు, మోడళ్లు, ఉత్తరాలు, సైట్ ఫొటోలు, ఈమధ్య వీడియోలు. చాలామందికి ఇది బోరు కొడుతుంది, అందుకే బొమ్మల గదుల్లో గంట ఉండి ఆర్కిటెక్చర్ గదిని నడుస్తూ దాటేస్తారు. కానీ నాకు అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. పెయింటింగ్ మీద కనీసం సంతకం ఉంటుంది. బిల్డింగ్ మీద ఓనరు పేరుంటుంది, దానం చేసినాయన పేరుంటుంది, గీసినవాడి పేరు ఉండదు.

పాల్ రెవెరె విలియమ్స్ సంగతి చూడండి. 1894లో పుట్టాడు, లాస్ ఏంజెలెస్‌లో ప్రాక్టీసు. 1923లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌లో చేరిన మొదటి నల్లజాతి సభ్యుడు. ఫ్రాంక్ సినాత్రా, లూసిల్ బాల్ లాంటి సినిమావాళ్ల ఇళ్లు ఆయన కట్టినవే. బెవర్లీ హిల్స్ హోటల్ బోర్డు మీద ఆ వంకర్ల అక్షరాలు కూడా ఆయన చేతివే. ఆయన కాగితాన్ని తలకిందులుగా గీయడం నేర్చుకున్నాడు. టేబులుకి ఇటు ఆయన, అటు తెల్ల క్లయింటు. పక్కపక్కన కూర్చుంటే ఆ క్లయింటుకి ఇబ్బంది, అందుకని ఎదురుగానే కూర్చుని, వాళ్లకి తిన్నగా కనిపించేలా, తనకి తలకిందులుగా ఇల్లు గీసి చూపించేవాడు. గీత తర్వాత గీత, వాళ్లు గదులు పెద్దవి చెయ్యమంటే అక్కడికక్కడే మార్చి మరీ. చూసినవాళ్లు నోరెళ్లబెట్టేవారు. సైటుకెళ్తే చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడట, చెయ్యి కలపాలా వద్దా అన్న ఇబ్బంది ఎదుటివాళ్లకి రాకుండా. ఆయన ఇళ్లు కట్టిన చాలా కాలనీల్లో నల్లవాళ్లు స్థలం కొనకూడదని దస్తావేజుల్లోనే రాసి ఉండేది.

1992లో లాస్ ఏంజెలెస్ అల్లర్లలో ఒక బ్యాంకు తగలబడి, అందులో దాచిన ఆయన ఆఫీసు రికార్డులు కొన్ని పోయాయి. మొత్తం కాలిపోయిందనే చాలామంది అనుకున్నారు. కానీ డ్రాయింగులు వేరేచోట కుటుంబం దగ్గర భద్రంగా ఉన్నాయి. 2020లో వాటిని గెట్టీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా కలిసి తీసుకున్నాయి. సుమారు 35,000 ప్లాన్లు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ తన గోల్డ్ మెడల్ ఆయనకి 2017లో ఇచ్చింది. ఆయన పోయింది 1980లో, లెక్క మీరే వేసుకోండి.

ఇంకో పేరు జూలియన్ ఏబెల్. ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం మెట్లు మీకు తెలుసు, రాకీ అనే బాక్సింగ్ సినిమాలో హీరో పరిగెత్తుకుంటూ ఎక్కి చేతులు పైకెత్తుతాడే, అవే. మనవాళ్లు కూడా వెళ్లి అదే పోజులో ఫొటో దిగుతారు. ఆ మ్యూజియం డిజైన్ చేసిన ఆఫీసుల్లో ఒకటైన హొరేస్ ట్రంబవర్ సంస్థలో చీఫ్ డిజైనర్ ఏబెల్, 1902లో యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో ఆర్కిటెక్చర్ డిగ్రీ తీసుకున్న నల్లజాతివాడు. ఆ మ్యూజియం డ్రాయింగుల్లో ఆయన చెయ్యి ఉంది. నార్త్ కరోలినాలో డ్యూక్ యూనివర్సిటీ రాతి క్యాంపస్, ఆ పెద్ద చాపెల్, అవీ ఆయన డిజైన్లే, కానీ ఆ యూనివర్సిటీ 1960ల దాకా నల్ల విద్యార్థిని చేర్చుకోలేదు. 1986లో అక్కడే చదువుతున్న ఏబెల్ కుటుంబపు అమ్మాయి ఒకరు క్యాంపస్ పేపరుకి ఉత్తరం రాస్తే తప్ప, ఇది కట్టింది ఎవరో చాలామందికి తెలీలేదు. 2016లో మెయిన్ క్వాడ్‌కి, అంటే క్యాంపస్‌లో ప్రధాన ఆవరణకి, ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు డ్యూక్‌లో మన పిల్లలు బోలెడంతమంది చదువుతున్నారు. క్యాంపస్ టూరులో అమ్మానాన్నలు చాపెల్ ముందు నిలబడినప్పుడు ఈ మాట ఒకటి చెప్పండి.

2021లో మోమాలో ఒక గ్యాలరీ పేరునే గుడ్డతో కప్పేశారట, నిజమేనా?

నిజమే. ఆర్కిటెక్చర్ గ్యాలరీకి ఫిలిప్ జాన్సన్ పేరుంది. మోమాలో ఆర్కిటెక్చర్ విభాగం మొదలుపెట్టింది ఆయనే, పెద్ద ఆర్కిటెక్ట్, అదే సమయంలో 1930ల్లో నాజీల్ని మెచ్చుకుంటూ తిరిగిన మనిషి కూడా. సరిగ్గా ఆ గదిలోనే అమెరికా ఆర్కిటెక్చర్‌లో నల్లజాతి అనుభవం గురించి మోమా తన మొదటి ఎగ్జిబిషన్ పెడితే, అందులో పాల్గొన్న 10 మంది ఆర్కిటెక్టులు, డిజైనర్లు కలిసి ఒక ప్రకటన రాసి, దాన్ని పెద్ద గుడ్డ మీద వేసి, ఎగ్జిబిషన్ జరిగినన్నాళ్లూ గుమ్మం దగ్గర ఆ పేరు కనపడకుండా వేలాడదీశారు. 2021 ఫిబ్రవరి ఆఖరు నుంచి మే ఆఖరు దాకా నడిచింది. క్యూరేటర్లు షాన్ ఆండర్సన్, మేబెల్ ఓ. విల్సన్.

లోపల ఉన్నది కూడా మామూలు బిల్డింగుల మోడళ్లు కావు. ఒక్కొక్కరూ ఒక్కో ఊరు తీసుకున్నారు. సెకూ కుక్ న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌ని తీసుకున్నాడు, అక్కడ నల్లవాళ్ల పేట మధ్యలోంచి హైవే వేసి పేటనే లేపేశారు. ఫెలీసియా డేవిస్ పిట్స్‌బర్గ్‌లో హిల్ డిస్ట్రిక్ట్, అక్కడ స్టేడియం కోసం వేలమందిని ఖాళీ చేయించారు. వాల్టర్ హుడ్ ఓక్లాండ్‌లో ఒక రోడ్డు పొడవునా పది టవర్లు ఊహించాడు, నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ల పది డిమాండ్లకి ఒక్కొక్కటి. జర్మేన్ బార్న్స్ మయామీ ఇళ్ల వంటగదుల్ని, వరండాల్ని పట్టుకున్నాడు. ఇల్లు ఎవరు కట్టారన్నదాన్ని మించి, ఊరి ప్లాను ఎవరి మీదుగా గీశారన్నది ఆ గదిలో తేలిన విషయం. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఎవరి ఇళ్ల మీద ముందు ఎర్ర గుర్తు పడుతుందో చూసినవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది.

ఆడవాళ్లు ఉన్నారా వీళ్లలో?

ఉన్నారు, ఇంకో తలుపు కూడా నెట్టుకుని వచ్చినవాళ్లు. బెవర్లీ లొరెయిన్ గ్రీన్ 1942లో ఇల్లినాయిలో ఆర్కిటెక్ట్ లైసెన్సు తీసుకుంది, అమెరికాలో లైసెన్సు ఉన్న మొదటి నల్లజాతి మహిళ ఆమే. నార్మా స్క్లారెక్ 1954లో న్యూయార్క్‌లో, 1962లో కాలిఫోర్నియాలో లైసెన్సులు సంపాదించింది. టోక్యోలో అమెరికన్ ఎంబసీ లాంటి పెద్ద ప్రాజెక్టులు ఆమె చేతుల మీదుగా పూర్తయ్యాయి, పేరు మాత్రం సీజర్ పెల్లీ అనే ఆర్కిటెక్ట్‌కి వెళ్లింది. మామూలుగా ఆఫీసుల్లో జరిగేదే, డ్రాయింగులు సెట్ చేసి, కాంట్రాక్టర్లతో వేగి, బిల్డింగు నిలబెట్టేది ఒకరు, స్టేజి ఎక్కేది ఇంకొకరు. ఇప్పటికీ అమెరికాలో లైసెన్సున్న ఆర్కిటెక్టుల్లో నల్లజాతివాళ్లు సుమారు 2 శాతమే.

చిత్రకారుల్లో ఆల్మా థామస్ పేరు గుర్తుపెట్టుకోండి. వాషింగ్టన్‌లో 35 ఏళ్లు స్కూల్ టీచరు. రిటైరయ్యాకే పూర్తిగా బొమ్మల్లో పడింది. 1972లో విట్నీ మ్యూజియంలో సోలో షో, అక్కడ ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి మహిళ, వయసు 80. రిటైరయ్యాక ఏం చెయ్యాలో తోచట్లేదనే మన పెద్దవాళ్లకి ఈవిడ బొమ్మలు చూపించండి, చిన్న చిన్న రంగు ముక్కలు ముగ్గులా చుట్టూ తిరుగుతూ ఉంటాయి.

అగస్టా సావేజ్ గురించి చెప్తే మాత్రం కడుపు మండుతుంది. 1939 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం హార్ప్ అనే నిలువు తీగల వాయిద్యం ఆకారంలో 16 అడుగుల శిల్పం చేసింది, తీగల స్థానంలో పాడుతున్న పిల్లలు నిలబడి ఉంటారు. ప్లాస్టర్‌తో చేసింది. కంచులో పోత పోయడానికి, కనీసం ఎక్కడైనా దాచడానికి డబ్బుల్లేక, ఫెయిర్ అయిపోగానే మిగతా సామానుతో పాటు దాన్నీ కూల్చేశారు. అప్పట్లో అమ్మిన చిన్న జ్ఞాపిక బొమ్మలు, ఫొటోలు మిగిలాయి. 2018లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మొదలైన ఆమె ఎగ్జిబిషన్‌లో చూపించగలిగింది ఆ చిన్న బొమ్మనే.

పాత బట్టలతో కుట్టిన దుప్పట్లని కూడా ఆర్ట్ అని మ్యూజియంలో పెడుతున్నారేంటి?

మా అమ్మ కూడా ఇదే అడిగింది. జీస్ బెండ్ అని అలబామాలో నది మూడు పక్కలా చుట్టేసిన చిన్న ఊరు, ఒకప్పటి ప్లాంటేషన్. అక్కడి ఆడవాళ్లు తరతరాలుగా చిరిగిన ప్యాంట్లు, పొలం బట్టలు, పిండి సంచులతో దుప్పట్లు కుడుతున్నారు. అచ్చం మన బొంతలే, పాత చీరలు పరిచి పొడుగు కుట్లు వేస్తారే, ఆ పనే. చలికి కప్పుకోవడానికి కుట్టినవి. కానీ 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, తర్వాత విట్నీలో గోడకి నిలువుగా తగిలించేసరికి చూసినవాళ్లకి మతిపోయింది. గీతలు కావాలనే వంకరగా ఉంటాయి, ఒక నీలం ముక్క పక్కన ఒక్క ఎర్ర పట్టీ వచ్చి ఆగిపోతుంది, లెక్క తప్పినట్టుంటుంది కానీ తప్పదు.

దగ్గరికెళ్లి చూడండి. మిజూరి పెట్‌వే 1942లో కుట్టిన దుప్పటి ఒకటుంది, ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో. భర్త చనిపోయాక ఆయన పనిబట్టలన్నీ విప్పి ముక్కలు చేసి, ఆయన్ని కప్పుకున్నట్టుంటుందని కుట్టుకుంది. ప్యాంటు మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన రంగు, జేబు ఊడదీసినచోట ముదురుగా మిగిలిన నలుచదరం, ఇలాంటివి ఈ దుప్పట్లలో కళ్లకి కనిపిస్తాయి.

ఇదే ఊరికి 1962లో నది దాటే పడవ సర్వీసు ఆపేశారు, వీళ్లు అవతలి ఒడ్డుకెళ్లి ఓటరుగా నమోదు చేసుకుంటున్నారని. మళ్లీ నడిచింది 2006లో. ఇక డబ్బు సంగతి అడుగుతారు కదా, దుప్పట్లకి పేరొచ్చాక తమకి రావాల్సింది రాలేదని కొందరు 2007లో కోర్టుకెళ్లారు, మరుసటి ఏడు రాజీ అయింది.

ఒకే సిరీస్ బొమ్మలు సగం ఒక ఊర్లో, సగం ఇంకో ఊర్లో ఎందుకున్నాయి?

జేకబ్ లారెన్స్ వలస చిత్రాల గురించే అడుగుతున్నారనుకుంటా. దక్షిణాది పత్తి పొలాల నుంచి ఉత్తరాది ఫ్యాక్టరీలకి లక్షలమంది వెళ్లిన కథని 1940, 41ల్లో 60 చిన్న పలకల మీద గీశాడు. అప్పటికి వయసు 23. పలకలన్నీ ఒకేసారి పరుచుకుని, ఒక రంగు కలిపి అది ఎక్కడెక్కడ కావాలో అన్నిట్లోనూ వేసి, తర్వాత ఇంకో రంగు, ఇలా ముదురు నుంచి లేతకి వచ్చాడు. అందుకే అరవైలోనూ అదే ఎరుపు, అదే పసుపు. రెండు మ్యూజియంలూ కావాలన్నాయి. బేసి సంఖ్యలు వాషింగ్టన్‌లో ఫిలిప్స్ కలెక్షన్‌కి, సరి సంఖ్యలు మోమాకి వెళ్లాయి. ఆస్తి పంపకం లాగే జరిగింది. అప్పుడప్పుడూ అన్నీ కలిపి ప్రదర్శిస్తారు, 2015లో మోమాలో అలాగే చేశారు. మొదటి పలకలో రైల్వే స్టేషన్, మూడు గేట్లు, షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయిస్ అని రాసి ఉంటుంది, జనం తోసుకుంటూ ఉంటారు. ముఖాలు కనపడవు, టోపీలు, మూటలు కనిపిస్తాయి.

వాషింగ్టన్‌లో ఆ కంచు రంగు మెట్లమెట్ల బిల్డింగ్ ఎవరు కట్టారు? ఎంత టైం పడుతుంది?

అది నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆఫ్రికన్ అమెరికన్ హిస్టరీ అండ్ కల్చర్, 2016 సెప్టెంబర్ 24న ఒబామా చేతుల మీదుగా తెరిచారు. అందరూ డేవిడ్ అజాయే పేరే చెప్తారు, ఆయన ఘనా మూలాలున్న బ్రిటిష్ ఆర్కిటెక్ట్. ఆయనతో పాటు ఫిలిప్ ఫ్రీలన్, మాక్స్ బాండ్ అనే ఇద్దరు ఆఫ్రికన్ అమెరికన్ ఆర్కిటెక్టుల కష్టం అందులో ఉంది. బాండ్ 2009లోనే చనిపోయాడు, ఫ్రీలన్ 2019లో. గైడ్ ఒక్క పేరే చెప్తే మీరు మిగతా రెండూ చెప్పండి.

బయటి తొడుగులో సుమారు 3,600 అల్యూమినియం పలకలు, కంచు రంగు పూతతో. మూడు అంతస్తుల కిరీటం ఆకారం పశ్చిమ ఆఫ్రికాలోని యోరుబా వాళ్ల శిల్పాల తలమీద కనిపించేది. పలకల్లో ఆ జాలీ పని న్యూ ఆర్లీన్స్, చార్ల్స్‌టన్ ఊళ్లలో బానిసలుగా ఉన్న కమ్మరులు చేసిన ఇనుప బాల్కనీల నుంచి తీసుకున్నారు. బిల్డింగులో సగానికి పైగా భూమిలోపలే ఉంటుంది. లిఫ్టులో కిందికి దిగి 1400ల నుంచి చరిత్ర చూసుకుంటూ పైకి రావాలి, పెయింటింగుల గ్యాలరీ అన్నిటికన్నా పై అంతస్తులో. చాలామంది కిందే అలిసిపోయి పైకి రాకుండా వెళ్లిపోతారు. ఆర్ట్ కోసమే వస్తే ముందు పైకి వెళ్లండి. పూర్తిగా చూడాలంటే ఒక రోజు పెట్టుకోండి, పెద్దవాళ్లకి వీల్‌చెయిర్ ఇస్తారు, కింద ఫలహారశాల ఉంది. ఎంట్రీ ఉచితం, కానీ టైం రాసిన పాసు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. సెలవుల్లో అవి త్వరగా అయిపోతాయి.

ఒబామా దంపతుల చిత్రాలు ఎక్కడున్నాయి?

వాషింగ్టన్‌లోనే నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీవి. 2018 ఫిబ్రవరిలో ఆవిష్కరించారు. ఒబామాని గీసింది కెహిండే వైలీ. ఆకుల మధ్యలో ఉన్న పూలు ఊరికే పెట్టలేదు, షికాగోకి చామంతి, హవాయికి మల్లె, తండ్రి దేశం కెన్యాకి నీలి లిల్లీ. మిషెల్‌ని గీసింది ఎమీ షెరాల్డ్. ఒంటి రంగుని ఆవిడ ఎప్పుడూ బూడిద రంగులోనే వేస్తుంది, చూసేవాళ్లు రంగు దగ్గర ఆగిపోకుండా. ఆ గౌను మీది గళ్లు పైన చెప్పిన జీస్ బెండ్ దుప్పట్లని గుర్తుకు తెస్తాయి. షెరాల్డ్ పెద్ద ఎగ్జిబిషన్ శాన్‌ఫ్రాన్సిస్కో, విట్నీ తర్వాత ఇదే గ్యాలరీకి రావాల్సింది. అందులో ఒక చిత్రం గురించి అభ్యంతరాలు మొదలయ్యేసరికి, ఇది సెన్సార్‌షిప్ అని ఆవిడ 2025 జులైలో వెనక్కి తీసేసుకుంది. అది బాల్టిమోర్‌కి వెళ్లింది.

హార్లెంలో స్టూడియో మ్యూజియం మళ్లీ తెరిచారా?

తెరిచారు, 2025 నవంబర్‌లో, 125వ వీధిలో కొత్త బిల్డింగులో. 1968లో ఒక అద్దె లాఫ్ట్‌లో మొదలైన మ్యూజియం ఇది, అంటే మెట్రోపాలిటన్ గొడవకి కాస్త ముందే. పెద్దవాళ్లు పిలిచేదాకా ఆగకుండా సొంత ఇల్లు కట్టుకున్నారు. 1982లో పాత బ్యాంకు బిల్డింగుని మ్యూజియంగా మార్చి ఇచ్చింది పైన చెప్పిన మాక్స్ బాండే. అసలు గొప్పతనం ఏంటంటే ప్రతి ఏడాదీ కొందరు కొత్త కళాకారుల్ని పిలిచి, స్టూడియో ఇచ్చి, డబ్బులిచ్చి పని చేసుకోమంటారు. కెహిండే వైలీ, కెర్రీ జేమ్స్ మార్షల్, మిక్లీన్ థామస్ అందరూ అలా ఇక్కడ ఉండి వెళ్లినవాళ్లే. కొత్త బిల్డింగుని టామ్ లాయిడ్ కరెంటు దీపాల శిల్పాలతో మొదలుపెట్టారు, 1968లో మొదటి షో కూడా ఆయనదే.

ఈ బొమ్మలు కోట్లు పలుకుతున్నాయట కదా?

కొన్ని. బాస్కియా అనే న్యూయార్క్ చిత్రకారుడి బొమ్మ ఒకటి 2017లో 11 కోట్ల డాలర్లు దాటింది. కెర్రీ జేమ్స్ మార్షల్ చిత్రాన్ని షికాగోలో ఒక ప్రభుత్వ సంస్థ 1997లో 25,000 డాలర్లకి కొని, 2018లో 2 కోట్ల 11 లక్షల డాలర్లకి అమ్ముకుంది. అందులో గీసినాయనకి పైసా రాదు, అమెరికాలో రీసేల్ మీద కళాకారుడికి వాటా ఇచ్చే చట్టం లేదు.

ఫిబ్రవరిలోనే చూడాలా?

అక్కర్లేదు. ఫిబ్రవరి బ్లాక్ హిస్టరీ నెల కాబట్టి ఉపన్యాసాలు, పిల్లల కార్యక్రమాలు ఎక్కువ ఉంటాయి. పెద్ద ఎగ్జిబిషన్లు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. మెట్రోపాలిటన్‌లో హార్లెం చిత్రకారుల షో, 1969 నాటి అప్పు తీర్చుకున్నట్టు 2024లో పెట్టారే, అది జులై ఆఖరు దాకా నడిచింది. దానికి చాలా బొమ్మలు హోవర్డ్, ఫిస్క్, హాంప్టన్, క్లార్క్ అట్లాంటా లాంటి నల్లజాతి కాలేజీల నుంచి అప్పు తెచ్చుకున్నారు. ఎవరూ కొనని రోజుల్లో వాటిని కొని దాచింది ఆ కాలేజీలే.

న్యూయార్క్, వాషింగ్టన్ దూరం. మా ఊర్లో ఏముంది?

డల్లాస్ వైపు ఉంటే ఫెయిర్ పార్క్‌లో ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం ఉంది, 1974లో మొదలైంది, ప్రవేశం ఉచితం, జానపద కళ సేకరణ చాలా బాగుంటుంది. ఫ్రిస్కో, ఇర్వింగ్‌ల నుంచి స్టేట్ ఫెయిర్‌కి వెళ్తారు కానీ దీంట్లోకి అడుగుపెట్టరు మనవాళ్లు. అట్లాంటాలో హై మ్యూజియంతో పాటు క్లార్క్ అట్లాంటా యూనివర్సిటీ మ్యూజియంకి వెళ్లండి, హేల్ వుడ్‌రఫ్ గోడ చిత్రాలు అక్కడున్నాయి. షికాగోలో డ్యూసేబుల్, 1961లో మార్గరెట్ బరోస్ అనే టీచరు తన ఇంట్లోనే మొదలుపెట్టిన మ్యూజియం. డెట్రాయిట్‌లో చార్ల్స్ రైట్ మ్యూజియం. చార్ల్స్‌టన్ వెళ్తే 2023లో తెరిచిన కొత్త మ్యూజియం, బానిసల ఓడలు ఆగిన రేవు మీదే కట్టారు, తోట వాల్టర్ హుడ్‌ది.

టికెట్లు, ఫొటోలు, పిల్లలు?

వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంలు (పైన చెప్పిన కంచు రంగు బిల్డింగు, పోర్ట్రెయిట్ గ్యాలరీ లాంటివి), నేషనల్ గ్యాలరీ ఉచితం. మోమా పెద్దవాళ్లకి 30 డాలర్లు. మెట్రోపాలిటన్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లు, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ స్టూడెంట్లు తోచినంత ఇవ్వొచ్చు, ఐడీ కార్డు మర్చిపోకండి. ఫొటోలు సాధారణంగా తీసుకోవచ్చు, ఫ్లాష్ వద్దు. అప్పు తెచ్చిన బొమ్మల పక్కన కెమెరా మీద గీత కొట్టిన గుర్తుంటే తియ్యకూడదు. వాషింగ్టన్‌లో ఆ కంచు రంగు మ్యూజియంలో, 1955లో తెల్లవాళ్లు చంపేసిన ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లాడి శవపేటిక ఉన్న గదిలో ఫొటోలు నిషేధం. పిల్లలు మరీ చిన్నవాళ్లైతే ఆ కింది అంతస్తుల విషయం ముందు మీరు చదువుకుని నిర్ణయించుకోండి. పై అంతస్తులు అందరికీ నచ్చుతాయి.

ఇండియాలో ఉన్నాం, ఎలా చూడాలి?

జేకబ్ లారెన్స్ 60 పలకలూ ఫిలిప్స్ కలెక్షన్ సైటులో వరసగా ఉన్నాయి, అక్కణ్నుంచి మొదలుపెట్టండి, ఒక్కోదాని కింద వాక్యం కూడా చదవండి. మోమా తన పాత ఎగ్జిబిషన్ల ఫొటోలు 1929 నుంచీ ఆన్‌లైన్‌లో పెట్టింది, 1937 ఎడ్మండ్‌సన్ షో, 2021 ఆర్కిటెక్చర్ షో రెండూ వెతుక్కుని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. స్మిత్‌సోనియన్, మెట్రోపాలిటన్ చాలా బొమ్మలు పెద్ద సైజులో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తాయి. ఆర్కిటెక్చర్ స్టూడెంట్లైతే థీసిస్ టాపిక్ కోసం తల బద్దలు కొట్టుకునేముందు పాల్ విలియమ్స్ ఇళ్ల ప్లాన్లు ఒకసారి చూడండి, ముఖ్యంగా మెట్ల వంపు ఎలా తిప్పాడో. ప్రింటు తీసుకుని తలకిందులుగా పెట్టి కాపీ గీయడానికి ప్రయత్నించండి, పది నిమిషాల్లో చెయ్యి మొరాయిస్తుంది.